'బీకో'కి ముందు తొమ్మిది పాటలు

రాజకీయం ఉన్న రాక్ ఆల్బమ్‌లు చెప్పమంటే 1980లో వచ్చిన పీటర్ గేబ్రియల్ మూడో సోలో ఆల్బమ్ పేరు తప్పకుండా వస్తుంది. ఎందుకని అడిగితే మాత్రం అందరూ ఒక్క పాటే చూపిస్తారు. చిట్టచివర ఉన్న "బీకో". దక్షిణాఫ్రికా పోలీసుల కస్టడీలో చనిపోయిన స్టీవ్ బీకో గురించిన పాట అది. మరి దానికి ముందున్న తొమ్మిది పాటల మాటేమిటంటే, అవి సౌండ్‌తో చేసిన ప్రయోగాలు, మనసు చెదిరిన మనుషుల పాటలు, వాటి సంగతి వేరు అంటారు. తొమ్మిది వంతులు ప్రయోగం, ఒక వంతు రాజకీయం, రెండూ ఒకే అట్టలో సర్దారు అన్నట్టు మాట్లాడతారు.

నేనిది ఒప్పుకోను. ఆ తొమ్మిది పాటలూ లేకపోతే "బీకో" కూడా మంచి మనసుతో పాడిన ఇంకో సంతాప గీతంగానే మిగిలిపోయేది. అంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఆ తొమ్మిదింటిలో జరిగేది కూడా రాజకీయమే. అదీ స్టీవ్ బీకో బతికుండగా తెల్లవాళ్లను ఏం చేయమని అడిగాడో దాదాపు ఆ పనే. ఆ పని మాటల కంటే ఎక్కువగా డ్రమ్స్ చేశాయి. ఇది వివరంగా చెప్పాలంటే స్టూడియో లోపలికి వెళ్లక తప్పదు.

దానికి ముందు మనిషి గురించి కొంచెం. 1975లో జెనెసిస్ బ్యాండ్ నుంచి బయటికి వచ్చేనాటికి గేబ్రియల్‌కి పాతికేళ్లు. ఇంగ్లండ్‌లో డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే ఛార్టర్‌హౌస్ స్కూల్లో పుట్టిన బ్యాండ్ అది. ఇరవై నిమిషాలు దాటిన పాటలు, స్టేజీ మీద నక్క తల, మొహం చుట్టూ పూరేకులు, పురాణాల్లోంచి ఊడిపడ్డట్టుండే సాహిత్యం. బయటికొచ్చాక 1977లో బాబ్ ఎజ్రిన్ నిర్మాతగా మొదటి సోలో, 1978లో రాబర్ట్ ఫ్రిప్ నిర్మాతగా రెండోది. మొదటిదాంట్లోని "సాల్స్‌బరీ హిల్" హిట్టయింది. రెండూ నాకిష్టమే, కానీ రెండింటిలోనూ నిర్మాతల చెయ్యి ఎక్కువ కనిపిస్తుంది. గేబ్రియల్ సొంత గొంతు ఇంకా దొరకలేదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే బ్రిటన్‌లో రాజకీయం పాడే బాధ్యతను పంక్ బ్యాండ్‌లు ఎత్తుకున్నాయి. 1976లో జాత్యహంకారానికి వ్యతిరేకంగా "రాక్ అగెనెస్ట్ రేసిజం" అనే ఉద్యమం మొదలైంది. 1978 ఏప్రిల్‌లో లండన్ విక్టోరియా పార్కులో ఆ ఉద్యమం పెట్టిన సభలో క్లాష్ అనే పంక్ బ్యాండ్ వాయించింది. గిటార్ మీద మూడు కార్డ్‌లు (స్వరాల గుత్తులు), బోలెడు కోపం, గోడ మీద రాయగలిగినంత పొట్టి నినాదం. జెనెసిస్ లాంటి బ్యాండ్‌లను ఆ తరం కుర్రాళ్లు దొరల వినోదంగా చూశారు, అందులో కొంత నిజం లేకపోలేదు. అలాంటి చోటు నుంచి వచ్చినవాడు వర్ణవివక్ష మీద పాట కట్టాలనుకుంటే తేలికైన దారి ఆ నినాదాన్నే అరువు తెచ్చుకోవడం. ఆ రోజుల్లో చాలామంది అదే చేశారు. గేబ్రియల్ మాత్రం ముందు డ్రమ్స్ వాయించే పద్ధతి మార్చాడు.

1979లో రికార్డింగ్ జరిగింది. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, అప్పటికి పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు. ఇంజినీర్ హ్యూ ప్యాడ్జమ్. డ్రమ్మర్లకు గేబ్రియల్ పెట్టిన షరతు ఒక్కటే, ఈ ఆల్బమ్‌లో సింబల్స్, అంటే డ్రమ్ కిట్‌లోని లోహపు పళ్లేలు, ఉండకూడదు. రాక్ డ్రమ్మర్‌కి ఇది ఎంత పెద్ద దెబ్బో ఊహించండి. కుడి చెయ్యి హైహ్యాట్ అనే జంట సింబల్ మీద ఆడుతూ కాలాన్ని ముక్కలు చేస్తుంది. ఉత్సాహం పెరిగినప్పుడు, పల్లవి వచ్చినప్పుడు, గిటార్ ఎగసినప్పుడు ఆ చెయ్యి తనంతట తాను క్రాష్ సింబల్ మీదికి పోతుంది. "ఇక్కడ పొంగిపో" అని శ్రోతకు చెప్పేది ఆ లోహపు చప్పుడే. అది తీసేస్తే చేతికి పని పోతుంది, శ్రోతకు సైగ పోతుంది. మిగిలేది తోలు మీద పడే దెబ్బ ఒక్కటే.

టౌన్‌హౌస్ అనే లండన్ స్టూడియోలో జరిగిన కథ రికార్డింగ్ చరిత్ర తెలిసినవాళ్లందరికీ కంఠతా వచ్చు, అయినా నా వాదనకు అవసరం కాబట్టి చెబుతాను. జెనెసిస్‌లో గేబ్రియల్ వదిలేసిన మైక్ అందుకున్న ఫిల్ కాలిన్స్ ఇక్కడ డ్రమ్స్ వాయించడానికి వచ్చాడు. రాతి గోడలున్న గది. స్టూడియో గదిలో ఉన్నవాళ్ల మాటలు కంట్రోల్ రూమ్‌లోకి వినపడడానికి పైన ఒక మైక్ వేలాడుతుంది. మాట్లాడేవాళ్లు దగ్గరున్నా దూరమున్నా ఒకేలా వినపడాలి కాబట్టి దానికి గట్టి కంప్రెసర్ తగిలించి ఉంటుంది, చిన్న చప్పుడును పెంచేసి పెద్ద చప్పుడును నొక్కేస్తుంది. రికార్డింగ్‌కి వాడే మైక్ కాదది. కాలిన్స్ వాయిస్తుంటే ఎవరో ఆ మైక్ ఆన్ చేశారు. డ్రమ్ దెబ్బతోపాటు గది మొత్తం ఉబ్బి మీదపడ్డట్టు వినిపించింది. దాన్ని రికార్డు చేసుకునేలా ప్యాడ్జమ్ వైరింగ్ మార్పించాడు. దాని మీద నాయిస్ గేట్ వేశారు. శబ్దం ఒక మోతాదు కంటే తగ్గగానే గేట్ మూసుకుంటుంది. అంటే గది ప్రతిధ్వని గుప్పున లేస్తుంది, మెల్లగా సద్దుమణగాల్సిన సమయంలో తలుపు వేసినట్టు ఆగిపోతుంది.

సింబల్స్ లేకపోవడం ఇక్కడ పనికొచ్చింది. సింబల్ ఒకసారి మోగితే సెకన్ల తరబడి మోగుతూనే ఉంటుంది, ఆ మోత తగ్గేదాకా గేట్ మూసుకోదు. సింబల్స్ ఉన్న కిట్ మీద ఈ శబ్దం ఇంత శుభ్రంగా వచ్చేది కాదు. అంటే రచయితగా గేబ్రియల్ పెట్టుకున్న నియమమూ, ఇంజినీర్‌కి దొరికిన యాదృచ్ఛికమూ ఒకదానికొకటి దారి చేసుకున్నాయి. తర్వాత కాలిన్స్ సొంత పాట "ఇన్ ది ఎయిర్ టునైట్"తో 1981లో ఇదే శబ్దం ప్రపంచమంతా పాకింది. ఆ దశాబ్దంలో సగం పాప్ పాటలకు అదే డ్రమ్. అందుకే ఇవాళ వినేవాళ్లకు అది "ఎయిటీస్ సౌండ్"గా, సరదాగా, కొంచెం పాతబడ్డట్టుగా తోస్తుంది. మొదటిసారి అది ఏ పని కోసం వచ్చిందో మర్చిపోయాం.

ఆ పని ఏమిటో తెలియాలంటే ఆల్బమ్ మొదటి పాట "ఇంట్రూడర్" హెడ్‌ఫోన్స్‌లో వినాలి. మొదట డ్రమ్స్ ఒక్కటే. మనం ఒక గది ఎంత పెద్దదో కళ్లు మూసుకుని కూడా చెప్పగలం, శబ్దం ఎంతసేపట్లో సద్దుమణిగిందన్నదాన్ని బట్టి చెవికి తెలిసిపోతుంది. ఇక్కడ ఆ లెక్క కుదరదు. దెబ్బ పడగానే పెద్ద హాలు తెరుచుకుంటుంది, మరుక్షణం హాలే లేదు. ఎక్కడున్నామో తెలియదు. ఆ తర్వాత ఏదో గీరిన చప్పుడు, కిర్రుమనే చప్పుడు. అప్పుడు గొంతు. రాత్రిపూట ఇళ్లలోకి చొరబడే మనిషి గొంతు అది. కిటికీలు ఎలా తెరవాలో, చప్పుడు కాకుండా ఎలా నడవాలో తనకు తెలుసంటాడు. దొంగతనం అతని ఉద్దేశం కాదు. లోపల పడుకున్నవాళ్లకు తను వచ్చిన సంగతి తెలిసి, ఊపిరి బిగబట్టి ఉండే ఆ క్షణం కోసం వస్తాడు. మారిస్ పర్ట్ జైలోఫోన్ అస్థిపంజరంలా టకటకలాడుతుంది. చివర్లో చొరబడినవాడు ఈల వేసుకుంటూ ఉంటాడు.

ఈ పాట "నేను" అని మొదలై "నేను" అనే ముగుస్తుంది. బాధితుడి వైపు నుంచి ఒక్క ముక్క కూడా లేదు. చొరబడినవాడు చెడ్డవాడని చెప్పే వాక్యమూ లేదు. మనం ఇంట్లో పడుకున్నవాళ్లలా భయపడాలా, చొరబడినవాడిలా ఆనందించాలా అన్నది పాట తేల్చదు. నాకైతే ప్రతిసారీ ఇంట్లో పడుకున్నవాడి వెన్నులో వణుకు, చొరబడినవాడి చేతుల్లో వేగం రెండూ ఒకేసారి వస్తాయి. సింబల్స్ ఉంటే పాట ఎక్కడో ఒకచోట మనల్ని పొంగించి వదిలేసేది. అవి లేవు గనక వదలదు.

రెండో పాట "నో సెల్ఫ్ కంట్రోల్" కూడా "నేను" పాటే. తిండి మీద, నిద్ర మీద, ఫోన్ మీద, చివరికి చేతుల మీద కూడా అదుపు తప్పినవాడు. గుండ్రంగా తిరుగుతూనే ఉండే మరింబా, వెనక కేట్ బుష్ గొంతు. చాలా అందమైన పాట, ఆ అందమే భయం పుట్టిస్తుంది. తర్వాత నిమిషం పైచిలుకు శాక్సోఫోన్ ముక్క ఒకటి వచ్చి "ఐ డోంట్ రిమెంబర్" లోకి తోస్తుంది. టోనీ లెవిన్ వాయించిన చాప్‌మన్ స్టిక్ అనే తీగల వాద్యం, రాబర్ట్ ఫ్రిప్ గిటార్. ఇందులో మాట్లాడేవాడి దగ్గర గుర్తింపు కాగితాలు లేవు, జ్ఞాపకమూ లేదు. ఎవరో ప్రశ్నలు అడుగుతున్నారు, ఎవరన్నది పాట చెప్పదు. చాలామంది దీన్ని మతిమరుపు పాట అంటారు. నాకు మాత్రం అది ఇంటరాగేషన్ గది. ఆల్బమ్ చివర్లో మనం ఇంకో ఇంటరాగేషన్ గదికి, గది నంబరుతో సహా, వెళ్లబోతున్నాం కాబట్టి ఈ పాటను తేలిగ్గా దాటెయ్యకూడదు.

ఇక "ఫ్యామిలీ స్నాప్‌షాట్". ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే ధైర్యమైన పాట ఏదంటే నేను దీని పేరే చెబుతాను, "బీకో" పేరు చెప్పను. 1972 మేలో అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని లారెల్‌లో జార్జ్ వాలస్ మీద ఆర్థర్ బ్రెమర్ కాల్పులు జరిపాడు. వాలస్ అలబామా గవర్నర్, జాతి విభజనను గట్టిగా సమర్థించిన నాయకుడు, అప్పుడు అధ్యక్ష పదవి కోసం ప్రచారంలో ఉన్నాడు. ఆ కాల్పులతో నడుం కింద చచ్చుబడిపోయింది. బ్రెమర్ డైరీ తర్వాత పుస్తకంగా వచ్చింది. చదివితే తెలిసేది ఏమిటంటే, వాలస్ రాజకీయం మీద అతనికి కోపమేమీ లేదు. పేరు కావాలి, అంతే. ముందు అధ్యక్షుడు నిక్సన్ కోసం తిరిగి, వీలుకాక వాలస్ వైపు తిరిగాడు. గేబ్రియల్ ఆ డైరీ చదివి ఈ పాట రాశాడు. కార్ల ఊరేగింపు వస్తుంటే తుపాకితో కాచుకుని కూర్చున్నవాడు మాట్లాడతాడు. పియానోతో మెల్లగా మొదలై, బ్యాండ్ అంతా కలిసి, ట్రిగ్గర్ దాకా ఎగుస్తుంది. అక్కడ తెగిపోతుంది. మళ్లీ పియానో. ఇప్పుడు మాట్లాడేది ఒక చిన్న పిల్లాడు. ఇల్లు, విడిపోయిన అమ్మానాన్న, చేతిలో బొమ్మ తుపాకి.

రాజకీయ హత్య చేసేవాడి మీద జాలి కలిగించే పాట అని కొందరికి దీనిమీద అభ్యంతరం. జాలి కలుగుతుంది, నిజమే. దానికంటే ముందు ఇంకొకటి కలుగుతుంది. పాట ఎగసే కొద్దీ మనమూ ఎగుస్తాం. ట్రిగ్గర్ నొక్కే క్షణం కోసం సంగీతం మనల్ని కూడా సిద్ధం చేస్తుంది, మనం సిద్ధపడతాం. ఆ తర్వాత పియానో దగ్గర ఒంటరిగా మిగిలినప్పుడు, ఇందాక ఎందుకంత ఉత్సాహపడ్డావని ఎవరూ అడగరు. మనకే అడగాలనిపిస్తుంది. హింస వేరేవాళ్ల ఊళ్లో, వేరేవాళ్ల బుర్రల్లో ఉంటుందన్న నమ్మకాన్ని ఇంత నిశ్శబ్దంగా తీసేసిన పాటను నేను రాక్ సంగీతంలో ఇంకెక్కడా వినలేదు.

"అండ్ త్రూ ద వైర్" నాకు బలహీనంగా అనిపిస్తుంది. పాల్ వెల్లర్ గిటార్ బాగుంది, కానీ పాట మామూలు రాక్ పాట, పక్కనున్నవాటి ఊపిరి దీనికి లేదు. రికార్డు రెండో వైపున్న "గేమ్స్ వితౌట్ ఫ్రాంటియర్స్" బ్రిటన్ సింగిల్స్ పట్టికలో 4వ స్థానం దాకా వెళ్లింది. యూరప్ దేశాల ఊళ్లు వింత వేషాలతో పోటీపడే టీవీ ఆటల కార్యక్రమం నుంచి వచ్చిన పేరు అది. రకరకాల దేశాల పిల్లల పేర్లతో ఆట, ఆటలోంచి జెండాలు, జెండాల్లోంచి మంట. ఈలలు గేబ్రియల్, లిల్లీవైట్, ప్యాడ్జమ్ ముగ్గురూ కలిసి వేశారు. "ఇంట్రూడర్" చివర ఈల వేసినవాడు ఇంకా ఆల్బమ్‌లో తిరుగుతూనే ఉన్నాడని నాకనిపిస్తుంది. "నాట్ వన్ ఆఫ్ అస్"లో "నేను" పోయి "మేము" వస్తుంది. నువ్వు మా మనిషివి కావని గుంపు ఒకడికి చెప్పే పాట. బ్రిటన్ వీధుల్లో జాత్యహంకార పార్టీ నేషనల్ ఫ్రంట్ ఊరేగింపులు తీస్తున్న రోజులవి. చివర్లో జెర్రీ మరోటా డ్రమ్స్ మాత్రమే గుంపు అడుగుల్లా కొనసాగుతాయి. తొమ్మిదోది "లీడ్ ఎ నార్మల్ లైఫ్", దాదాపు మాటల్లేని పాట. మానసిక చికిత్సాలయం లాంటి చోటు, కిటికీలోంచి చెట్లు, తినడానికి చెంచా తప్ప కత్తి ఇవ్వరు. సమాజం తనకు కుదరనివాళ్లను ఎంత మర్యాదగా బంధిస్తుందో ఇంత తక్కువ మాటల్లో చెప్పడం అరుదు.

చొరబడేవాడు, అదుపు తప్పినవాడు, ప్రశ్నల ముందు కూర్చున్నవాడు, తుపాకి పట్టుకున్నవాడు, జెండాతో ఆడేవాడు, గేటు దగ్గర నిలబడి వెళ్లగొట్టే గుంపు. వీళ్లందరూ గేబ్రియల్ ప్రపంచంలోని మనుషులే, ఇంగ్లండ్, అమెరికా, యూరప్ మనుషులు. హింస, భయం, వెలివేత తమ ఇళ్లలో ఎలా పుడతాయో లోపల్నించి చూపించిన పాటలివి. దక్షిణాఫ్రికా మాటే రాలేదు.

ఇప్పుడు స్టీవ్ బీకో దగ్గరికి వద్దాం. 1946 డిసెంబరులో పుట్టాడు. వైద్యం చదువుతూ నల్లజాతి విద్యార్థుల సంఘం సాసో స్థాపనకు ముందుండి, 1969లో దాని మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘం పత్రికలో "ఫ్రాంక్ టాక్" అనే కలం పేరుతో రాసేవాడు. 1970లో రాసిన వ్యాసాల్లో ఒకటి తెల్ల ఉదారవాదుల మీద. నల్లవాళ్ల తరఫున మాట్లాడడానికి, వాళ్ల పోరాటానికి దారి చూపడానికి ముందుకొచ్చే మంచి తెల్లవాళ్లను అతను నిలదీశాడు. సమస్య నల్లవాళ్ల దగ్గర లేదు, తెల్ల జాత్యహంకారంలో ఉంది, మీరు చేయాల్సిన పని మీ వాళ్ల మధ్య చేయండి, మా గొంతు మాకుంది అన్నది ఆ వాదన. అణచివేసేవాడి చేతిలో అన్నిటికంటే బలమైన ఆయుధం అణగారినవాడి మనసే అన్న అతని మాట చాలామందికి తెలుసు. మనసు సంగతి పాలకుల వైపు కూడా అంతే ముఖ్యమని ఆ వ్యాసాలు చదివితే తెలుస్తుంది.

1973లో ప్రభుత్వం అతన్ని నిషేధించింది. కింగ్ విలియమ్స్ టౌన్ దాటి వెళ్లకూడదు, ఒకసారి ఒక్క మనిషితో మించి మాట్లాడకూడదు, అతని మాటలను ఎవరూ ఎక్కడా ఉటంకించకూడదు. 1977 ఆగస్టు 18న గ్రేహమ్స్‌టౌన్ దగ్గర రోడ్డు మీద ఆపి అరెస్టు చేశారు. పోర్ట్ ఎలిజబెత్‌లో బట్టలు లేకుండా, గొలుసులు వేసి ఉంచారు. సాన్లామ్ భవనంలోని 619 నంబరు గదిలో విచారించారు. తలకు తీవ్రమైన దెబ్బలు తగిలాయి. సెప్టెంబరు 11న ల్యాండ్ రోవర్ వెనకభాగంలో నగ్నంగా పడుకోబెట్టి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ప్రిటోరియాకు తీసుకెళ్లారు. 12న చనిపోయాడు. ముప్పై ఏళ్లు. నిరాహారదీక్ష వల్ల పోయాడన్నట్టు మాట్లాడిన న్యాయశాఖ మంత్రి జిమ్మీ క్రూగర్, ఆ మరణం తనను కదిలించలేదని పార్టీ సభలో అన్నాడు. ఎవరి తప్పూ లేదని డిసెంబరులో విచారణ తేల్చింది. 1990లలో వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించిన సత్యం, సయోధ్య కమిషన్ ముందు మాజీ పోలీసులు ఐదుగురు క్షమాభిక్ష అడిగారు. 1999లో కమిషన్ నిరాకరించింది.

ఆ వ్యాసం రాసినవాడి మీద ఛార్టర్‌హౌస్‌లో చదువుకున్న తెల్ల ఇంగ్లిష్ గాయకుడు పాట కట్టడం ఎంత ఇరకాటమో చూడండి. "నీ గొంతు మాకొద్దు" అన్న మనిషి కోసం గొంతెత్తాలి. ఈ అభ్యంతరాన్ని నేను చాలా గౌరవిస్తాను. ఈ పాట గురించి చేసే పొగడ్తల్లో దీన్ని పట్టించుకోనివి నాకు నచ్చవు. తెల్ల శ్రోతల కన్నీళ్ల కోసం నల్ల అమరుణ్ని వాడుకున్న పాటలు చాలా ఉన్నాయి, ఇది కూడా వాటిలో ఒకటి అయ్యుండేదే.

కాలేదని నేననడానికి కారణం ఆ తొమ్మిది పాటలు. ఇంకొకరి బాధ గురించి మాట్లాడే ముందు అతను ముప్పై నిమిషాలకు పైగా తన వాళ్ల బుర్రల్లో తిరిగాడు. బీకో వ్యాసం చదివి అలా వరస పెట్టాడని నేననడం లేదు. వరస మాత్రం అలాగే ఉంది, వినేవాళ్ల మీద పనిచేసేది వరసే. "ఇంట్రూడర్"లో చొరబాటుదారుడి చేతులతో, "ఫ్యామిలీ స్నాప్‌షాట్"లో తుపాకి వేలితో, "నాట్ వన్ ఆఫ్ అస్"లో గుంపు నోటితో బతికొచ్చాక 619 నంబరు గది తలుపు తెరిస్తే, నేను మంచివాడి పక్షాన ఉన్నానులే అన్న ధీమాతో లోపలికి అడుగుపెట్టలేం. విచారణ చేస్తున్నవాడి బుర్ర ఎలా ఉంటుందో మనకిప్పుడు తెలుసు.

పాట నిర్మాణం కూడా ఈ ఇరకాటం ఎరిగినట్టే ఉంటుంది. 1977 సెప్టెంబరు 25న కింగ్ విలియమ్స్ టౌన్‌లో జరిగిన బీకో అంత్యక్రియలకు ఇరవై వేలమంది దాకా వచ్చారు. అక్కడ రికార్డు చేసిన పాటతో "బీకో" మొదలవుతుంది. తర్వాత బ్రెజిల్ సుర్దో డ్రమ్, మెల్లగా, నడక వేగంతో. శబ్దాన్ని బాగా వక్రీకరించిన గిటార్. మొదటి చరణం వార్త చదివినట్టుంటుంది. నెల, ఊరు, వాతావరణం బాగుందన్న మాట, గది నంబరు. విశేషణాల్లేవు. రెండో చరణంలో "నేను" వస్తుంది, ఈసారి ఏ పాత్రా కాదు, నిద్రపట్టని గాయకుడు. తొమ్మిది పాటలుగా వేరేవాళ్ల "నేను"లు తొడుక్కున్నవాడు చివరికి సొంత "నేను"తో వస్తే అతనికి చెప్పడానికి ఉన్నది ఎంతో కొంచెం. అది సరైన మోతాదు. పల్లవి మొత్తం ఆ పేరు చుట్టూ తిరుగుతుంది. ఉటంకించడమే నేరమైన మనిషి పేరును అంతసేపు పలకడం ఎంత పెద్ద పనో, దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ పాటను కూడా నిషేధించడం చూస్తే తెలుస్తుంది. బ్యాగ్‌పైపుల్లాంటి సింథసైజర్ శబ్దాలు నాకు కొంచెం అతిగా తోస్తాయి. ఆ ఒక్కటి తప్ప ఏడు నిమిషాలు దాటిన ఈ పాటలో ఏదీ తీసెయ్యాలనిపించదు. చివరి మాట గేబ్రియల్‌ది కాదు. అంత్యక్రియల్లో జనం పాడిన "సెంజెనీ నా" అనే శోక గీతం వినిపిస్తుండగా డ్రమ్ రెండు దెబ్బలు పడి ఆల్బమ్ ఆగిపోతుంది.

నా మనసులో ఒక ముల్లు అలాగే ఉంది. ఆ పాడిన జనంలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. కట్టుకున్నవాళ్లను, తోటివాళ్లను, నాయకుణ్ని పాతిపెడుతూ పాడుకున్న పాట ఇంగ్లండ్‌లో ఒక ఆల్బమ్‌కి మొదలూ ముగింపూ అయింది. ఆ సింగిల్ మీద వచ్చిన డబ్బును గేబ్రియల్ ఆ ఉద్యమానికే ఇచ్చాడు, అది న్యాయం. పేర్ల బాకీ మాత్రం డబ్బుతో తీరేది కాదు.

ఆల్బమ్ విన్న అట్లాంటిక్ కంపెనీ అమెరికాలో విడుదల చేయడానికి ఒప్పుకోలేదు, గేబ్రియల్‌నే వదులుకుంది. అక్కడ మెర్క్యురీ విడుదల చేసింది. బ్రిటన్‌లో అది 1వ స్థానానికి వెళ్లింది, సోలో గాయకుడిగా అతనికి అదే మొదటిసారి. నీళ్లలో కరుగుతున్నట్టున్న మొహంతో ఉన్న అట్ట చూసి జనం దానికి "మెల్ట్" అని పేరు పెట్టుకున్నారు, ఎందుకంటే అతని మొదటి నాలుగు ఆల్బమ్‌ల పేరూ పీటర్ గేబ్రియలే. ఆ తర్వాత ప్రపంచ సంగీతపు వోమాడ్ ఉత్సవం, మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ కోసం సంగీత యాత్రలు, 1988 జూన్‌లో మండేలా డెబ్బయ్యో పుట్టినరోజుకు వెంబ్లీ స్టేడియంలో ఇదే పాట. వీటి గురించి చాలామంది రాశారు.

వాటికంటే నాకు ముఖ్యంగా తోచేది స్టీవెన్ వాన్ జాండ్ట్ కథ. అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బ్యాండ్‌లో గిటారిస్ట్ అతను. "బీకో" విని దక్షిణాఫ్రికా గురించి తెలుసుకోవడం మొదలుపెట్టి, అక్కడికి స్వయంగా వెళ్లొచ్చాడు. వచ్చాక ఇంకో అమరుడి పాట రాయలేదు. దక్షిణాఫ్రికా ప్రభుత్వమే సృష్టించిన బొఫుతత్స్వానా అనే బూటకపు దేశంలో కట్టిన సన్ సిటీ రిసార్ట్‌లో భారీ పారితోషికాలకు పాడి వస్తున్న పాశ్చాత్య గాయకుల వైపు తిరిగాడు. మైల్స్ డేవిస్, బాబ్ డిలన్, రన్-డీఎంసీ, గేబ్రియల్ సహా యాభై మందికి పైగా కళాకారులను పోగుచేసి, 1985లో "సన్ సిటీ" రికార్డు తెచ్చాడు. అందులో వాళ్లు చెప్పింది ఒక్కటే, మేము అక్కడ వాయించం. ఆ మాట వినాల్సినవాళ్లు వాళ్ల తోటి సంగీతకారులే.